నెల్లూరులో తక్కువ ఖర్చుతో దహనం: ప్యాకేజీ కంటే విడివిడిగా కుదుర్చుకోవడమే మేలు

ఆసుపత్రి గేట్ల దగ్గర, కాటికి వెళ్లే దారుల్లో ఇప్పుడు 'మొత్తం మేమే చూసుకుంటాం' అనే మనుషులు దొరుకుతున్నారు. బండి, ఐస్ బాక్స్, పాడె సామాను, పూలు, డప్పులు, కట్టెలు, కాటిలో పని చేసేవాళ్లు, అయ్యవారు, అన్నిటికీ కలిపి ఒకటే మాట, ఒకటే రేటు. చావు జరిగిన ఇంట్లో ఎవరికీ బేరమాడే ఓపిక ఉండదు గనక ఆ మాట వినగానే బరువు దిగినట్టే ఉంటుంది. ఆ ప్యాకేజీని, ఒక్కొక్కటీ విడిగా కుదుర్చుకునే పద్ధతిని పక్కపక్కన పెట్టి చెబుతున్న అభిప్రాయం ఇది. రేట్లు ఇక్కడ రాయడం లేదు. కట్టె ధర వానాకాలానికో రకం, ఎండాకాలానికో రకం. బండి రేటు రాత్రికో మాట, పగటికో మాట. రేటు కంటే దేన్ని ఏ కొలతన అడగాలో తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది.

తీర్పు ముందే: డబ్బు పెట్టాల్సినవి మూడే. సరిగ్గా పనిచేసే ఐస్ బాక్స్, బాగా ఆరిన కట్టె (లేదా గ్యాస్ దహనవాటిక), చెప్పిన టైముకు వచ్చే బండి. ప్యాకేజీలో ఈ మూడిటి నాణ్యతే తక్కువగా ఉంటుంది. పూల రథం, బ్యాండు, టపాకాయలు మాత్రం పుష్కలంగా ఉంటాయి. ఇంట్లో నిలబడి చూసుకునే మనిషి ఒక్కరున్నా విడివిడిగా కుదుర్చుకోండి. ఆ ఒక్కరూ లేని ఇంటికి మాత్రం ప్యాకేజీ పనికొస్తుంది. అప్పుడు కూడా ఏమేమి ఇస్తారో తెల్ల కాగితం మీద రాయించుకుని, సగం డబ్బు పని అయ్యాకే ఇవ్వాలి. ఆ బిల్లులో జీఎస్టీ అని ఒక్క రూపాయి వేసినా ఒప్పుకోవద్దు. అంత్యక్రియలు, ఖననం, దహనవాటిక, మార్చురీ, భౌతికకాయాన్ని తరలించే బండి, ఈ సేవలన్నిటినీ జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలు పన్ను పరిధిలోంచే తీసేసింది. వంటచెరకు కట్టెకూ జీఎస్టీ లేదు.

ఆసుపత్రిలో పోయిన మనిషికీ ఇంట్లో పోయిన మనిషికీ కాగితాలు వేరు. ఆసుపత్రి అయితే మరణ కారణం రాసిన వైద్య ధ్రువపత్రం, ఫారం 4, వాళ్లే రిజిస్ట్రారుకు పంపాలి. మీకు మరణించినట్టు రాసిన కాగితం, కేస్ షీటు సారాంశం చేతికి ఇవ్వాలి. ఇవి చేతిలో పడకుండా బండి ఎక్కించవద్దు. తర్వాత తిరిగితే డ్యూటీ డాక్టరు మారిపోయి ఉంటాడు. బిల్లు బాకీ ఉందని భౌతికకాయాన్ని ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఈ మాట ఉంది. ఆ మాట గట్టిగా అంటే చాలాచోట్ల పని జరుగుతుంది. ఇంట్లో పోతే చివరిదాకా చూసిన డాక్టరు చేత ఫారం 4ఏ రాయించుకోవాలి. ఇక ప్రమాదం, పురుగుమందు, ఉరి, పాముకాటు, నీళ్లలో పడటం, వీటిలో ఏది జరిగినా పోలీసు పంచనామా, పోస్టుమార్టం అయ్యేదాకా దహనం మాట ఎత్తకూడదు. 'కోత ఎందుకులే' అని ఊళ్లో పెద్దలు తొందరపడి కాల్చేస్తే ప్రమాద బీమా పోతుంది, పైగా కేసు మెడకు చుట్టుకుంటుంది. ప్రభుత్వాసుపత్రిలో పోస్టుమార్టానికి రుసుము లేదు.

కళ్లు దానం చేసే ఆలోచన ఉంటే నేత్రనిధికి వెంటనే కబురు చేయాలి, ఆరు గంటల లోపే వాళ్లు వచ్చి తీసుకోవడం అయిపోవాలి. ఈలోపు రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా వేసి, ఫ్యాను ఆపేయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఆసుపత్రిలోనే తీయించాలి. మంటలో దాని బ్యాటరీ పేలుతుంది, గ్యాస్ దహనవాటికలో ఇటుక గోడ దెబ్బతింటుంది. ఈ ప్రశ్న ప్యాకేజీ వాళ్లు అడగరు, మీరే గుర్తు పెట్టుకోవాలి.

బండి సంగతి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో పోయినవాళ్లను ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనాలు ఉచితం. నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనైనా, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనైనా ముందు దీన్నే అడగాలి. బండ్లు తక్కువ, శవాలు ఎక్కువ అయిన రోజు ఎదురుచూడాల్సి వస్తుంది. రెండు మూడు గంటలు ఆగగలిగితే ఆగడమే మంచిది. ప్రైవేటు బండి తప్పనప్పుడు కిలోమీటరుకు ఎంత అని మాత్రమే అడిగితే దెబ్బ తింటారు. రానూపోనూ లెక్కనా, ఒక వైపేనా? ఆగిన గంటకు విడిగా తీసుకుంటారా? నెల్లూరు నుంచి ఉదయగిరి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, రానూపోనూ అంటే బిల్లు రెండింతలు. జాతీయ రహదారి టోల్ నిబంధనల ప్రకారం శవ వాహనానికి రుసుము లేదు. వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు ప్లాజాల పేర్లు బిల్లులో కనిపిస్తే రసీదు అడగండి. చెన్నై ఆసుపత్రుల నుంచి తెచ్చుకునేవాళ్లు మనవైపు చాలామంది. తడ దగ్గర ఆపితే చూపించడానికి మరణ కాగితం జిరాక్సు డ్రైవరు దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి.

ఐస్ బాక్స్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. పేరు ఐస్ బాక్సే గాని అది గడ్డకట్టించదు, చల్లగా ఉంచుతుందంతే. కింద కంప్రెసర్, పైన గాజు లేదా అక్రిలిక్ మూత. ఒక రాత్రి, మహా అయితే ఒక పగలు, ఒక రాత్రి. విదేశం నుంచి కొడుకు వచ్చేదాకా మూడు రోజులు ఆపాలంటే బాక్సును నమ్ముకోకుండా మార్చురీలో పెట్టాలి. బాక్సు రాగానే ఖాళీగా అరగంట తిప్పి, లోపల చెయ్యి పెట్టి చల్లదనం చూసి, ఆ తర్వాతే మనిషిని ఉంచాలి. తెచ్చినవాళ్లు తొందరలో దింపగానే పడుకోబెట్టేస్తారు, అప్పటికే వేడెక్కిన దేహాన్ని చల్లబరచడానికి కంప్రెసర్ నానా తంటాలు పడుతుంది. రోహిణి కార్తెలో అయితే తెల్లారేసరికి వాసన మొదలవుతుంది.

కంప్రెసర్ వైపు జాలీ ఉంటుంది, అక్కడి నుంచి వేడి గాలి బయటకు పోవాలి. వచ్చినవాళ్లు దండలు తెచ్చి సరిగ్గా ఆ జాలీ మీదే వేలాడదీస్తారు. బాక్సును గోడకు ఆనించి పెట్టినా ఇదే పరిస్థితి. చుట్టూ కనీసం జానెడు ఖాళీ వదలండి, దండలు తల వైపు మూత మీద మాత్రమే వేయించండి. వచ్చిన ప్రతి చుట్టానికీ మూత తీసి చూపించడం ఆపాలి. గాజు మీద చెమట పడితే పొడి గుడ్డతో తుడిస్తే మొహం కనిపిస్తుంది. నీరు పోయే గొట్టం కింద బక్కెట్టు పెట్టకపోతే వరండా తడుస్తుంది. తడి నేల, ఇనుప బాక్సు, పాత వైరు కలిసినచోట షాక్ కొడుతుంది. ఏడుస్తూ బాక్సు మీద వాలిపోయే ఆడవాళ్లకు అది ప్రాణాపాయం. అందుకే మూడు పిన్నుల పెద్ద ప్లగ్గు, ఎర్తింగు ఉన్న సాకెట్టు తప్పనిసరి. సీరియల్ లైట్లకు వాడే సన్న వైరుతో వీధిలోకి లాగితే వైరు వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోయి కంప్రెసర్ మొరాయిస్తుంది. బాక్సు పెట్టాక టెస్టరుతో దాని ఇనుప అంచు ఒకసారి తాకి చూడండి. వెలిగితే ఆపేసి మార్చమనండి. పల్లెల్లో కరెంటు పోతే ఏం చేస్తారని ముందే అడగాలి. చిన్న జనరేటరు కూడా తెస్తామన్నవాళ్ల దగ్గర కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

బాక్సులో పెట్టే ముందే చేయాల్సినవి ఇంట్లోవాళ్లు చేయగలరు. శరీరం బిగుసుకోవడం రెండు మూడు గంటల్లో మొదలవుతుంది. ఆలోపే కళ్లు మూయడం, గడ్డం కింద నుంచి తల మీదికి గుడ్డ కట్టడం, కాలి బొటనవేళ్లు కలిపి కట్టడం, చేతులు చాపడం అయిపోవాలి. ముక్కులో, చెవుల్లో దూది. కట్టేవి నూలు గుడ్డలే అయి ఉండాలి.

పాడె సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఏడెనిమిది అడుగుల వెదురు బొంగులు రెండు, అడ్డానికి ఆరేడు ముక్కలు, కొబ్బరి తాడు, వరిగడ్డి, తెల్ల నూలు గుడ్డ, నాలుగు కుండలు. పచ్చి వెదురు అయితే భుజాల మీద వంగుతుంది గాని విరగదు. ఎండిపోయి చీలిన బొంగును ఒప్పుకోకండి.

ఇక కట్టె. ఖర్చులో పెద్ద వాటా దీనిదే, మోసం జరిగేదీ ఇక్కడే. బాగా ఆరిన కట్టె అయితే మామూలు మనిషికి 350 నుంచి 400 కిలోలు సరిపోతుంది. కొత్తగా నరికిన కట్టెలో దాదాపు సగం నీళ్లే. పొడిగా లెక్కేస్తే 330 కిలోల కట్టె కావాలనుకుందాం. ఆరిన కట్టెలో అది 400 కిలోలకే వస్తుంది. పచ్చి కట్టెలో అంతే పదార్థం కావాలంటే 600 కిలోలు కొనాలి, అందులో 270 కిలోలు నీళ్లే. ఆ నీళ్లకూ కట్టె రేటే కడతారు. చితి మీద ఆ నీళ్లన్నీ ఆవిరయ్యేదాకా మంట పైకి లేవదు, పొగ వస్తుంది, అప్పుడు డీజిల్ పోయడం మొదలవుతుంది. 'చితికి ఇంత' అని గుత్తగా చెప్పే చోట ఎన్ని కిలోలని అడగండి, కట్టెల అడితి నుంచి కాటా చీటీతో వచ్చిన లోడు అయితే ఇంకా మంచిది. 'అన్నా, నరికి ఎన్నాళ్లయింది?' అని అడిగితే 'మూడు నెలలు' అనే చెబుతారు. ఆ మాట నమ్మకుండా రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టండి. ఆరినదైతే ఖణేల్‌మంటుంది, పచ్చిదైతే చప్పుడు లోపలే చస్తుంది. కోసిన అంచు మీద నెర్రెలు ఉండాలి, బెరడు గోరుతో లాగితే ఊడిరావాలి.

కట్టె రకం కూడా చూడాలి. తీరం వెంబడి దొరికే సరుగుడు అన్నిటికంటే మేలు, గట్టిది, వేడెక్కువ, నిటారుగా ఉంటుంది గనక పేర్చడం సులువు. ఒంగోలు, కందుకూరు వైపు సుబాబుల్, జామాయిల్ ఎక్కువ. సుబాబుల్ త్వరగా అంటుకుని త్వరగా అయిపోతుంది, కాళ్ల వైపుకు చాలు, ఛాతీ కింద దాన్నే వేస్తే సగంలో చల్లారుతుంది. మనవైపు చిల్ల అని పిలిచే సర్కారు తుమ్మకు నిప్పు నిలుస్తుంది గాని వంకర్లు ఎక్కువ, సందులు పడి చితి కూలుతుంది. మామిడి శాస్త్రానికి నాలుగు పుల్లలు చాలు.

పేర్చడం తెలిసిన మనిషి ఉంటే కట్టె పావు వంతు మిగులుతుంది. అడుగున లావు దుంగలు రెండు పొడవునా జానెడు ఎడంతో వేసి, వాటి మీద అడ్డంగా పేర్చాలి. కింద నుంచి గాలి లాగకపోతే పైన ఎంత నెయ్యి పోసినా లాభం లేదు. పొడవు ఏడడుగులు, వెడల్పు రెండున్నర. సగానికి పైగా కట్టె కిందే ఉండాలి. మీద వేసేదాంట్లో బరువైనవి ఛాతీ దగ్గర, నడుము దగ్గర వేయాలి, ఎందుకంటే చివరిదాకా కాలకుండా మిగిలేవి ఆ రెండు భాగాలే. సందుల్లో చీల్చిన సన్న పుల్లలు, పిడకలు, ఎండు కొబ్బరి మట్టలు. నెయ్యి అరకిలో నుంచి కిలో, కర్పూరం ఒక డబ్బా. ప్యాకేజీ చీటీలో ఐదు కిలోల నెయ్యి అని ఉంటే అది మంటకు అక్కర్లేదు. మండుతున్న చితి మీద పెట్రోలు గాని కిరోసిన్ గాని ఎట్టి పరిస్థితుల్లోనూ పోయవద్దు, మంట డబ్బాదాకా వెనక్కి పాకుతుంది. పాత టైర్లు వేస్తామంటే వద్దని చెప్పండి. శాలువాలు, పట్టు చీర పేరుతో వచ్చే పాలిస్టర్, దండల్లోని ప్లాస్టిక్ దారాలు, పరుపు, దిండు తీసేయాలి. అవి కరిగి దేహానికి అంటుకుని, ఆ చోట మంట పట్టదు. అడుగున ఇనుప కడ్డీల జాలీ, పైన కప్పు ఉన్న దిమ్మెలు కొన్ని శ్మశానాల్లో ఉన్నాయి. గాలి బాగా లాగుతుంది గనక అక్కడ తక్కువ కట్టెతోనే పని అవుతుంది. మామూలు దిమ్మె మీదికంటే దానికే ప్రయత్నించండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మన జిల్లాల్లో లెక్కలన్నీ మార్చేస్తాయి. ఆ మూడు నెలలు ఆరిన కట్టె దొరకడమే కష్టం, దొరికినా టార్పాలిన్ కింద ఉన్నదేనా అని చూడాలి. పెన్నా ఒడ్డున చేసేవాళ్లు సోమశిల నుంచి నీళ్లు వదిలారేమో కనుక్కోవాలి. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పల్లెల్లో కాటికి దారి లేకపోవడం ఇంకో బాధ. మాగాణి గట్ల మీద మోసుకుపోవాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి, అలాంటిచోట కట్టెను ముందు రోజే చేర్చాలి. వానాకాలంలో గ్యాస్ దహనవాటిక అందుబాటులో ఉంటే, పట్టింపు లేనివాళ్లకు నా సలహా అదే.

గ్యాస్ దహనవాటికలో గంట, గంటన్నరలో పూర్తవుతుంది. కట్టె చితికి మూడు నాలుగు గంటలు, ఆ తర్వాత చల్లారేదాకా ఒక రాత్రి. గ్యాస్‌లో అస్థికలు అదే రోజు చేతికొస్తాయి. శాస్త్రం ఏమీ తప్పిపోదు. దింపుడు కళ్లం, కుండ పగలగొట్టడం, నోట్లో బియ్యం వేయడం బయట దిమ్మె మీద చేసుకుని, కర్పూరం గుండెల మీద వెలిగించి లోపలికి పంపవచ్చు. పాడెను లోపలికి పంపరు, గుడ్డతోనే ట్రే మీదికి మార్చాలి. కొబ్బరికాయ లోపల పెడితే పగులుతుంది, సీసాలు, ప్లాస్టిక్ దండలు పనికిరావు. కరెంటు దహనవాటికకు ముందు వేడెక్కే సమయం కావాలి, సరఫరా ఆగితే పని మధ్యలో ఆగుతుంది. ఏదైనా సరే, బయల్దేరే ముందు ఫోను చేసి 'ఈ రోజు పనిచేస్తోందా, ముందు ఎంతమంది ఉన్నారు?' అని కనుక్కోండి. రిపేరులో ఉందని కాటిదాకా వెళ్లాక తెలిస్తే, అక్కడ దొరికిన కట్టెను అడిగినంత ఇచ్చి కొనాల్సి వస్తుంది.

నెల్లూరు బోడిగాడితోటలో గాని మరే మున్సిపల్ శ్మశానంలో గాని రిజిస్టరులో రాయించి రసీదు తీసుకోవడం మరవకూడదు. పోయినవారి ఆధారు, వెంట వచ్చినవాళ్ల ఆధారు జిరాక్సులు రెండేసి జేబులో ఉంచండి. కాటికాపరికి, చితి పేర్చినవాళ్లకు, డప్పులవాళ్లకు ఇచ్చేది ముందే మాట్లాడుకుని, అడగకముందే చేతిలో పెట్టండి. మనవాళ్లెవరూ ముట్టని పని వాళ్లు చేస్తున్నారు. ఖర్చు తగ్గించాల్సిన చోటు అది కాదు. ప్యాకేజీ ఏజెంట్ల మీద ప్రధాన ఫిర్యాదు కూడా ఇదే, కుటుంబం దగ్గర తీసుకున్నదాంట్లో వీళ్లకు చేరేది కొద్దిగానే ఉంటుంది. అందుకే కాటిలో మళ్లీ చెయ్యి చాస్తారు, మీరు రెండోసారి ఇస్తారు.

అస్థికలు ఏరేటప్పుడు పాలు, నీళ్లు చల్లినా లోపల నిప్పు ఉంటుంది. పుల్లతో కదిపి చూశాకే చెయ్యి పెట్టాలి. కొత్త కుండ, ఎర్ర గుడ్డ చాలు, ఇత్తడి పాత్ర అవసరం లేదు. ఎండాకాలంలో పెన్నాలో పాయ దొరకనప్పుడు నెల్లూరువాళ్లు మైపాడుకు, ఒంగోలువాళ్లు కొత్తపట్నానికి వెళ్లి సముద్రంలో కలుపుతారు. ప్లాస్టిక్ సంచి మాత్రం వెనక్కి తెచ్చుకోండి.

మరణ నమోదు ఏజెంటు చేతిలో పెట్టవద్దు, ఇంట్లోవాళ్లే చేసుకోవాలి. 21 రోజుల లోపు చేయిస్తే రుసుము లేదు. ముప్పై రోజులదాకా ఆలస్య రుసుముతో అవుతుంది, ఆ పైన అనుమతులు, అఫిడవిట్లు. నమోదయ్యేది ప్రాణం పోయిన చోట, దహనం చేసిన చోట కాదు. నెల్లూరు ఆసుపత్రిలో పోయి ఆత్మకూరు పల్లెలో దహనం చేస్తే నెల్లూరులోనే, చెన్నైలో పోతే చెన్నై కార్పొరేషన్‌లోనే. పల్లెలో ఇంట్లో పోతే పంచాయతీ కార్యదర్శి దగ్గర. ఎక్కువ మందికి ఎదురయ్యే చిక్కు పేరు దగ్గర వస్తుంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు హడావుడిలో 'సుబ్బమ్మ' అని రాయించి ఉంటారు, ఆధారులో 'వెంకట సుబ్బమ్మ' ఉంటుంది. బ్యాంకు, పొలం పాసుబుక్కు, బీమా ఒక్కటీ కదలదు. ఆసుపత్రి వదిలే ముందే కాగితం మీద పేరు, ఇంటిపేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు ఆధారుతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. పోయినవారు ఈఎస్ఐ ఉన్న ఉద్యోగి అయితే అంత్యక్రియల ఖర్చు కింద 15,000 రూపాయల వరకు ఆ సంస్థే ఇస్తుంది. దానికి దహనం రసీదు, మరణ ధ్రువపత్రం కావాలి గనక ఆ రెండిటి జిరాక్సులు ఓ పది తీసి పెట్టుకోండి.